ఉప్పునీళ్ల ట్యాంకులో నల్ల ఇసుక: మీరు అడిగారు, నేను చెప్తా ఉన్నా

పోయిన సంచికలో మా ఇంట్లో ఉప్పునీళ్ల ట్యాంకు, అంటే సముద్రపు చేపల అక్వేరియం ఫోటో వేశారు గదా, అప్పట్నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న, అడుగున ఆ నల్ల ఇసుక ఏంది, యాడ దొరికింది, మేం కూడా పోసుకోవచ్చా అని. అందుకని గోల్డ్ ఫిష్ ప్రశ్నలు, గప్పీ పిల్లల ప్రశ్నలు వచ్చే నెలకి ఆపి ఈసారి పేజీ మొత్తం నల్ల ఇసుకకే ఇచ్చేశా.

నెల్లూరు నుంచి ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్: సార్, మూడడుగుల ట్యాంకులో రీఫ్ సెటప్, అదే పగడాలు పెంచే ట్యాంకు పెడదామని డబ్బులు కూడబెడతా ఉన్నా. మైపాడు బీచ్‌లో అల వెనక్కిపోయినాక నల్లగా చారలు కనపడతాయి గదా, ఆ ఇసుక రెండు బస్తాలు తెచ్చి బాగా కడిగి పోస్తే సరిపోదా? హవాయిలో కూడా నల్ల ఇసుక బీచులే అంట. షాపులో అడిగితే కిలోకి చెప్పే రేటుకి కళ్లు తిరుగుతున్నాయి.

అబ్బయ్యా, హవాయి నల్ల ఇసుక, మన మైపాడు నల్ల ఇసుక చూసేదానికి ఒకటే గానీ పుట్టుక వేరు. ఆడ అగ్నిపర్వతం లావా సముద్రంలో పడి చల్లారి పగిలి నలిగి ఇసుకైంది, దాన్ని బసాల్ట్ అంటారు, ఐస్‌లాండ్‌లో రేనిస్ఫియారా బీచ్ కూడా అదే బాపతు. మనకాడ లావా ఏం లేదు. మన కొండల్లో రాళ్లు లక్షల ఏళ్లు ఎండకీ వానకీ అరిగి వాగుల్లో నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో కలిస్తే, అల దాన్ని ఒడ్డుకి తెచ్చి పోస్తది, మళ్లీ వెనక్కి పోయేటప్పుడు తేలికగా ఉండే తెల్ల ఇసుకని లాక్కుపోతది, బరువుగా ఉండేది ఆడే నిలబడిపోతది. మామూలు ఇసుక నీళ్లకంటే 2.65 రెట్లు బరువుంటే ఇల్మెనైట్ అనే నల్ల ఖనిజం సుమారు 4.7 రెట్లు, మాగ్నెటైట్ అనే ఇనప ఖనిజం 5.2 రెట్లు దాకా ఉంటాయి. అమ్మ చాటలో బియ్యం చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగిలినట్టే, సముద్రం చెరగ్గా మిగిలిన గింజే నువ్వు చూసే ఆ నల్ల చార. అందులో ఇల్మెనైట్, మాగ్నెటైట్, కొంచెం ఎరుపు తిరిగే గార్నెట్, ఇంకా కొన్ని కలిసి ఉంటాయి.

ఈ మాగ్నెటైట్ దగ్గరే అసలు గొడవ. పేరులోనే ఉంది గదా మాగ్నెట్ అని. రీఫ్ ట్యాంకులో అయస్కాంతం లేని సామాను ఏముందో చెప్పు, అద్దం తుడిచే మాగ్నెట్ క్లీనర్, నీళ్లలో అల పుట్టించే వేవ్‌మేకర్, నీళ్లు తిరిగి ట్యాంకులోకి తోసే రిటర్న్ పంపు, నురగతో మురికి లాగే స్కిమ్మర్ పంపు, అన్నిట్లో అయస్కాంతమే. నేను మొదటి ట్యాంకు పెట్టినప్పుడు ఇదంతా చెప్పేవాళ్లు లేరు, ఒడ్డు నుంచి రెండు బకెట్లు నల్ల ఇసుక తెచ్చి, కడిగీ కడిగీ చేతులు పుండ్లు పడేదాకా కడిగి పోశా. నెల రోజులు బ్రహ్మాండంగా ఉండింది. ఒకరోజు పొద్దున అద్దం తుడుస్తా ఉంటే సర్రుమని ఒక సన్న శబ్దం వచ్చింది, ఏదో నాచు గట్టిగా పట్టిందేమో అని ఇంకొంచెం నొక్కి రుద్దా. చెయ్యి తీసి చూస్తే ముందు అద్దం మీద, సరిగ్గా కళ్లకి ఎదురుగా, జానెడు పొడుగు గీత. క్లీనర్ ప్యాడ్‌కి నాలుగు నల్ల గింజలు అతుక్కోని ఉన్నాయి, అవే గీశాయి. ఆ గీత మళ్లీ పోదు, ఆ ట్యాంకు మార్చేదాకా పొద్దున లైటు వేసిన ప్రతిసారీ అదే కనపడేది, ఎంత బాధపడ్డానో చెప్పలేను. తర్వాత రెండు వారాలకి వేవ్‌మేకర్ గరగరమంటా ఆగిపోయింది, విప్పి చూస్తే లోపల తిరిగే ముక్క చుట్టూ నల్ల ఇసుక మీసాల్లాగా నిలబడి ఉంది, షాఫ్టు తిరిగే కాడ అంతా అరిగిపోయింది.

అందుకని బీచ్ ఇసుకైనా, షాపులో ప్యాకెట్ ఇసుకైనా, నల్లగా ఉండేది ఏది కొన్నా ముందు ఈ పరీక్ష చెయ్యి. పాత స్పీకర్లోది గానీ హార్డ్ డిస్క్‌లోది గానీ గట్టి అయస్కాంతం ఒకటి తీసుకోని పల్చని పాలిథిన్ కవర్లో చుట్టు. ఇసుక బాగా ఎండబెట్టి స్టీలు ప్లేటులో కాదు, ప్లాస్టిక్ ప్లేటులో పల్చగా పరిచి పైన నెమ్మదిగా తిప్పు. మైపాడు నల్ల ఇసుకైతే నువ్వు తాకించే లోపలే గింజలు లేచి కవర్ అంచున ముళ్లలాగా నిలబడతాయి. కవర్ తిరగేసి అయస్కాంతం బయటికి లాగితే ఇసుక మొత్తం జారి పడిపోతది, ఇట్టా నాలుగైదు సార్లు చేస్తే ఎంత భాగం అంటుకుంటా ఉందో నీకే తెలుస్తది. షాపు ప్యాకెట్లలో కూడా కొన్నిట్లో పదో పరకో గింజలు లేస్తాయి, అవి ఏరేస్తే చాలు. చారెడు చారెడు లేస్తే మాత్రం ఆ ప్యాకెట్ వద్దు.

ఇంకో సంగతి, మన బీచ్ నల్ల ఇసుక మరీ సన్నం, మైదా కంటే కొంచెం ముతక అంతే. బరువుగా, సన్నగా ఉండేది అడుగున సిమెంటు లాగా గట్టిగా సర్దుకుంటది, దాని సందుల్లోకి నీళ్లు పోవు, ఊపిరాడని చోట ఏమవుద్దో కింద విడవలూరు రైతు ప్రశ్నలో చెప్తా. రీఫ్ ట్యాంకుకి 1 నుంచి 2 మిల్లీమీటర్ల గింజ హాయి, వేవ్‌మేకర్ తోసే నీళ్లకి తేలిగ్గా లేవదు.

చట్టం సంగతి కూడా విను. సీఆర్‌జెడ్, అంటే సముద్రతీరాన్ని కాపాడే నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి ఇసుక తవ్వుకోని పోవడం కుదరదు, రెండు బస్తాలే గదా అనుకుంటాం గానీ అందరూ రెండేసి బస్తాలు అనుకుంటే ఒడ్డు ఏం మిగలద్ది. పైగా ఇట్టాంటి బరువు ఇసుకల్లో మోనజైట్ కూడా కలిసి ఉండొచ్చు, దాంట్లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటది కాబట్టే అది అణుశక్తి చట్టం కిందకి వచ్చే ఖనిజం. ఇంట్లో బస్తాలు దాచుకునే వస్తువు కాదది.

డబ్బులు కష్టమైతే నా మాట విని మామూలు తెల్ల ఆరగోనైట్ ఇసుకతో, అంటే గవ్వల్లో పగడాల్లో ఉండే సున్నపు జాతి ఇసుకతో మొదలుపెట్టు. మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు ట్యాంకుకి 4 సెంటీమీటర్ల మందం పొయ్యాలంటే సుమారు పదహారు లీటర్ల ఇసుక, అంటే ఇరవై నుంచి పాతిక కిలోల మధ్య పడద్ది, ఆ లెక్కన రేటు చూసుకో. నలుపు ఎప్పుడైనా పోసుకోవచ్చు, గీత పడిన అద్దం మాత్రం తిరిగి రాదు.

చీమకుర్తి నుంచి, క్వారీలో పనిచేసే పాఠకుడు: అన్నా, మాకాడ గెలాక్సీ గ్రానైట్ చిప్స్, పొడి కుప్పలు కుప్పలుగా పడుంటాయి. నల్లగా, బంగారం చుక్కలతో భలే ఉంటది. ఇదే పోస్తే ప్రపంచంలో ఎవరికీ ఉండని ట్యాంకు అవుద్ది గదా?

తమ్ముడూ, నీ ఉత్తరం చదివి నాకు కూడా నిజంగానే ఆశ పుట్టింది. చీమకుర్తి రాయి ఎయిర్‌పోర్టుల్లో, పెద్ద పెద్ద హోటళ్లలో పరుస్తా ఉంటే మన ట్యాంకులో ఉంటే తప్పేంది అనిపిస్తది. రాయి వరకు చూస్తే అది పేరుకే గ్రానైట్, భూమి లోపల నెమ్మదిగా గట్టిపడిన గాబ్రో జాతి రాయి, ఆ బంగారం చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఉప్పునీళ్లలో అదేం కరిగిపోయే రకం కాదు, వెనిగర్ పోసినా పొంగదు. పాలిష్ చెయ్యని పెద్ద ముక్క ఒకటి బ్రష్‌తో రుద్ది కడిగి అలంకారానికి పెట్టుకుంటానంటే నేను అడ్డు చెప్పను, అది కూడా అయస్కాంతం పెట్టి చూసినాకే.

పొడి మాత్రం వద్దే వద్దు. నువ్వు ఆ పని రోజూ చూసేవాడివే, రాతి దిమ్మెలు కోసే గ్యాంగ్‌సా మిషను కింద నుంచి వచ్చే ఆ బూడిద రంగు బురదలో ఒక్క రాయే లేదు గదా, కోసేదానికి వేసే స్టీల్ గ్రిట్, అదే ఉక్కు రవ్వ ఉంటది, సున్నం ఉంటది, పాలిష్ లైన్ నుంచి వచ్చేదాంట్లో రెజిన్ ముక్కలుంటాయి. స్టీల్ గ్రిట్ ఉప్పునీళ్లలో పడితే వారం లోపల తుప్పు. చిప్స్ సంగతికొస్తే, అవి విరిగిన రాయి, అంచులు బ్లేడులాగా ఉంటాయి. గోబీ చేప అని ఒకటుంది, రోజంతా ఇసుక నోటినిండా తీసుకోని మొప్పల్లోంచి జల్లెడ పట్టినట్టు వదులుతా ఉంటది, దాని బతుకు తెరువే అది. చిప్స్ మీద దాన్ని వదిలితే మొప్పలు కోసుకుపోతాయి. నస్సేరియస్ నత్తలు ఇసుకలో పూడుకోని ముక్కు మాత్రం బయటపెట్టి కూర్చుంటాయి, వాటికీ ఇదే గతి.

ఇదే వరసలో ఇంకో హెచ్చరిక, ఓడలకీ పెద్ద పెద్ద ఇనప ట్యాంకులకీ తుప్పు రాలగొట్టే బ్లాస్టింగ్ పనిలో నల్లగా మెరిసే గ్రిట్ వాడతారు, చాలా చవగ్గా దొరుకుద్ది, దాన్ని నల్ల ఇసుక అనుకోని తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. అది చాలావరకు కాపర్ స్లాగ్, రాగి తీసేశాక మిగిలిన చిట్టెం. రాగి ఉండే మైలుతుత్తం ఒక పిసరు ఎక్కువైతే చెరువులో ఏమవుద్దో మన జిల్లాల్లో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. రాగి చేపల కంటే ముందు రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్నీ చంపుద్ది.

విడవలూరు మండలం నుంచి ఒక రొయ్యల రైతు: మేం చెరువు అడుగున నల్లమన్ను కనపడితే గుండె జారిపోయే మనుషులం. మా అబ్బాయి ట్యాంకులో నల్ల ఇసుకే పోస్తానంటాడు. నలుపు అంటేనే గ్యాస్ గదయ్యా?

అయ్యా, ఈ ప్రశ్న మీరు అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే అక్వేరియం పుస్తకాలు చదివిన వాళ్లకంటే ఈ విషయం మీకే బాగా తెలుసు. చెరువులో మన్ను నల్లబడేది రంగు వల్ల కాదు. మేత మిగిలి, రెట్ట పడి, అడుగున ఆక్సిజన్ అయిపోతే అక్కడి బ్యాక్టీరియా సముద్రపు నీళ్లలో ఉండే సల్ఫేట్‌ని వాడుకోని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుద్ది, అదే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ గ్యాస్ మట్టిలో ఇనుముతో కలిస్తే ఐరన్ సల్ఫైడ్, దాని రంగు నలుపు. అందుకే పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడితే గాలి తగిలి ఆ నలుపు మళ్లీ గోధుమ రంగుకి తిరుగుద్ది. మీ అబ్బాయి పోస్తానన్న ఇసుక పుట్టుకతోనే నలుపు, దాంట్లో గ్యాస్ ఏం లేదు.

కానీ మీ భయంలో ఒక నిజం ఉంది, అది మీ అబ్బాయికి చెప్పండి. తెల్ల ఇసుక పోసినవాడికి అడుగున కుళ్లు మొదలైతే అద్దం పక్కన నల్ల మచ్చ కనపడద్ది, అది ముందే వచ్చే హెచ్చరిక. నల్ల ఇసుక పోసినవాడికి ఆ మచ్చ కనపడదు. కాబట్టి మందంగా పొయ్యకూడదు, 3 నుంచి 4 సెంటీమీటర్లు దాటనివ్వొద్దు, వారం వారం నీళ్లు మార్చేటప్పుడు సైఫన్ గొట్టం ఇసుకలోకి దించి ఒక్కో వారం ఒక్కో మూల లాగాలి, తీసిన నీళ్లు వాసన చూడాలి. మీరు చెరువు కాడ పిడికెడు మన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటారు చూడండి, అచ్చం అదే పని. గుడ్డు వాసన వస్తే ఆ చోటుని ఒక్కసారిగా కెలక్కుండా గొట్టంతో బయటికే లాగెయ్యాలి.

ఇంకోటి, తెల్ల ఆరగోనైట్ ఉంటే ఆల్కలినిటీ, అంటే నీళ్ల పీహెచ్ పడిపోకుండా కాచే గుణం, దానంతటదే నిలబడద్ది, నలుపు పోస్తే పడిపోద్ది అని కొందరు భయపెడతారు. రీఫ్ ట్యాంకు పీహెచ్ 8.1, 8.3 మధ్య ఉంటది, ఆ పీహెచ్‌లో ఆరగోనైట్ కరిగేది దాదాపు సున్నా. ఏ ఇసుక పోసినా ఆల్కలినిటీ మనం కొలిచి కలుపుకోవాల్సిందే, మీరు చెరువుకి సోడా బైకార్బొనేట్ కొట్టినట్టే. ట్యాంకులో ఆల్కలినిటీ దాని కొలత డీకేహెచ్‌లో 8 నుంచి 11, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు) ఉంటే పగడాలకి సరిపోద్ది.

కావలి నుంచి ఒక గృహిణి: మావారికి తెల్ల ఇసుక ఇష్టం, నాకు నలుపు. రోజూ తుడిచేది నేనే. చేపలు ఏ ఇసుక మీద బాగుంటాయి, ఏది శుభ్రం చెయ్యడం తేలిక?

తుడిచేది మీరైతే ఎంచుకునే హక్కు కూడా మీదేనమ్మా. చూపుకి నలుపే గొప్ప, నారింజ రంగు క్లౌన్ చేప నల్ల ఇసుక మీద తిరుగుతా ఉంటే దీపం పెట్టినట్టు ఉంటది, నీలం లైట్లో మష్రూమ్ కోరల్స్ పచ్చగా వెలిగిపోతాయి. తెల్ల ఇసుక మీద కొన్ని చేపలు వెలిసిపోయినట్టు కనపడతాయి, అడుగు రంగుకి తగ్గట్టు అవి తమ రంగు కొంచెం తగ్గించుకుంటాయి కూడా.

శుభ్రం సంగతికొస్తే నలుపు మురికి దాస్తదని అందరూ అనుకుంటారు, అది సగమే నిజం. కొత్త ట్యాంకులో మొదటి రెండు నెలల్లో గోధుమ రంగు డయాటమ్ పొర, అదే కంటికి ఆనని సన్న నాచు పొర వస్తది, అది తెల్ల ఇసుక మీద టీ ఒలికినట్టు కనపడద్ది, నలుపు మీద అంతగా తెలీదు. కానీ చేప రెట్ట, తినకుండా మిగిలిన మేత, రాలిన గవ్వ ముక్కలు, ఇవన్నీ తెల్లగా ఉండేవి, నల్ల చీర మీద దారప్పోగులు కనపడినట్టు ప్రతి ఒక్కటీ కనపడద్ది. నాకైతే అదే మంచిదనిపిస్తది, కనపడితేనే గదా తీస్తాం. ఏడాది గడిచేసరికి పైన తెల్ల చుక్కలు పెరిగి ఇసుక కొంచెం నెరిసినట్టు అవుద్ది, దానికి ఏం చెయ్యలేం.

వెలుతురు తేడా కూడా ఉంది, తెల్ల ఇసుక లైటుని పైకి తిప్పి కొడద్ది, నలుపు మింగేస్తది. ట్యాంకు మొత్తం ఒక మెట్టు చీకటిగా అనిపిస్తే లైటు అమాంతం పెంచొద్దు, పగడాలు మాడిపోతాయి. కంటికే చీకటి, పైనుంచి వాటికి పడే వెలుతురు పడతానే ఉంటది.

సింగరాయకొండ నుంచి: పాకల బీచ్ మాకు దగ్గరే, సముద్రపు నీళ్లే వాడుకోవచ్చా? ఇసుకలో కలపడానికి పగడం ముక్కలు ఒకాయన అమ్ముతానన్నాడు, కొనమంటారా?

పగడం ముక్కలు కొనొద్దు. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులికి ఎంత రక్షణో వాటికీ అంతే, బతికున్నదైనా ఎండిపోయిన ముక్కైనా. మనకాడ ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం ముందే తెలుసుకోని మొదలుపెట్టాలని నా కోరిక. క్లౌన్ చేపలు కూడా సముద్రంలో పట్టినవి కాకుండా పెంపకంలో పుట్టినవే అడిగి తీసుకోండి, మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు వాటి పిల్లల్ని తీసే పద్ధతి ఎప్పుడో సాధించారు.

నీళ్ల సంగతి, ఎండాకాలంలో ఒకలాగా, వానల్లో ఒకలాగా. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గదా, అప్పుడు నదులు వాగులు కలిసి ఒడ్డు దగ్గర ఉప్పు బాగా పడిపోద్ది, తీసుకొచ్చి పోస్తే ఒక్క పూటలో పగడాలు ముడుచుకుంటాయి. రీఫ్‌కి 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాల నీళ్లలో 35 భాగాల ఉప్పు కావాలి, కొలవకుండా ఒక్క బిందె కూడా పొయ్యొద్దు. నేనైతే ఆర్ఓ ఫిల్టర్ నీళ్లలో షాపులో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమం (సాల్ట్ మిక్స్) కలుపుకుంటా.

ఒంగోలు నుంచి: నాలుగేళ్లుగా తెల్ల ఇసుకతో ట్యాంకు నడుస్తా ఉంది. ఇప్పుడు నలుపుకి మార్చాలంటే మొత్తం ఖాళీ చెయ్యాలా?

ఖాళీ చెయ్యొద్దు, ఒకేసారి కూడా తియ్యొద్దు. నాలుగేళ్ల ఇసుకంటే నాలుగేళ్ల మురికి, మొత్తం ఒక్క రోజులో కెలికితే ఆ విషమంతా నీళ్లలో కలుస్తది. అడుగు నాలుగు భాగాలనుకోండి, నీళ్లు మార్చే రోజు ఒక పావు భాగం లావు గొట్టంతో సైఫన్ చేసి లాగెయ్యండి, నీళ్లతో పాటు ఇసుక కూడా బకెట్లోకి వచ్చేస్తది. రెండు వారాలు ఆగి, అమ్మోనియా చూసి, సున్నా ఉంటేనే రెండో పావు. మంచి బ్యాక్టీరియా ఎక్కువ భాగం రాళ్లలోనే ఉంటది కాబట్టి భయం లేదు.

కొత్త నల్ల ఇసుక బకెట్లో నీళ్లు తేటపడేదాకా కడగాలి, పది పదిహేను సార్లు అవుద్ది, ఓపిక పట్టండి. తర్వాత ఒక గాజు సీసాలో దోసెడు ఇసుక, పైన కలిపిన ఉప్పునీళ్లు పోసి రెండు వారాలు పక్కన పెట్టి ఫాస్ఫేట్, రాగి టెస్ట్ కిట్లతో చూడండి, రంగు పూసిన రాళ్లయితే ఈ లోపలే నీళ్లకి రంగు దిగిపోద్ది. అంతా బాగుంటే పోసేటప్పుడు పైనుంచి కుమ్మరించకుండా, అంగుళంన్నర పీవీసీ పైపు ఒకటి అడుగుకి ఆనించి దాంట్లోంచి గరిటెతో కొంచెం కొంచెం వదలండి, నీళ్లు మసక పట్టవు, పగడాల మీద పడదు. పోసే పూట వేవ్‌మేకర్లు ఆపేయండి, గంట తర్వాత వేసుకోవచ్చు. నాలుగు పావులు మారేసరికి రెండు నెలలు పట్టుద్ది, మధ్యలో సగం తెలుపు సగం నలుపు చూసి ఇంట్లోవాళ్లు ఏమన్నా అంటే అననివ్వండి. ఆఖరి పావు మాత్రం చేపలు దాక్కునే రాయి కింద ఉండేది పెట్టుకోండి, ఆ రాయి కదిలించేటప్పుడు ఒక చేత్తో పట్టుకోని ఇంకో చేత్తో కింద ఇసుక తియ్యొద్దు, ఇంకో మనిషిని పక్కన నిలబెట్టుకోండి, జారి అద్దానికి తగిలితే ట్యాంకే పోద్ది.